పగడాల ట్యాంకుకు ఏ లైట్? విశాఖ ఇళ్లలో వేయాల్సిన లెక్కలు

ఉప్పునీటి ట్యాంకులో చేపలు మాత్రమే ఉన్నంతకాలం లైట్ గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బార్ ఒకటి పెడితే చేపలు కనిపిస్తాయి, అంతటితో సరి. ఒక చిన్న పగడాన్నో, క్లౌన్ ఫిష్‌కు తోడుగా ఒక యానిమోన్‌నో తెచ్చిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. అలంకారంగా ఉన్న లైట్ ఆ రోజు నుంచి ఒక ప్రాణికి తిండి పెట్టాలి. అక్కడే తికమక మొదలవుతుంది. దుకాణంలో వాట్లు చెబుతారు, పెట్టె మీద ల్యూమెన్లు, కెల్విన్లు రాసి ఉంటాయి, వీడియోల్లో పార్ అనే మరో మాట వినిపిస్తుంది. ధరలు కొన్ని వేల దగ్గర మొదలై చాలా దూరం వెళతాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బాగా పనిచేసిన అమరిక విశాఖలో సముద్రానికి దగ్గరి ఇంట్లో అలాగే పనిచేయకపోవడం ఇంకో చిక్కు.

సంక్షిప్తంగా: లైట్‌ను వాట్లతోనో ధరతోనో కాకుండా, జీవి కూర్చున్న చోటికి చేరే కాంతితో అంచనా వేయాలి. ఏ జీవిని పెంచాలో ముందే తేల్చుకుంటే ఎంత లైట్ కావాలో దాదాపుగా తేలిపోతుంది. విశాఖలో వేడి, గాలిలో తేమ, ఉప్పు మూడూ ఈ లెక్కలోకి వస్తాయి. వెలుగు చాలకపోతే పగడం నెమ్మదిగా క్షీణిస్తుంది. ఒక్కసారిగా ఎక్కువైతే కొద్ది రోజుల్లోనే పోతుంది.

## వెలుగే తిండి

పగడం చూడటానికి రాయిలాగో మొక్కలాగో ఉన్నా అది జంతువే. యానిమోన్ దానికి దగ్గరి చుట్టం. రెండింటికీ మధ్యలో నోరు, చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. నీటిలో కొట్టుకొచ్చే చిన్న ప్రాణులను పట్టుకుని తింటాయి కూడా. కానీ వెలుతురు బాగా పడే ఉష్ణమండల సముద్రాల్లో బతికే రకాల్లో చాలావాటికి ఆ వేట పైపై తిండి మాత్రమే. అసలు ఆహారం వాటి కణాల లోపల తయారవుతుంది. అక్కడ జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు ఉంటాయి. పగడం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, నత్రజని, భాస్వరం వ్యర్థాలను అవి తీసుకుంటాయి. కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు, గ్లిజరాల్, అమైనో ఆమ్లాలు తయారుచేసి అందులో పెద్ద వాటాను పగడానికి ఇస్తాయి. వెలుగు బాగున్నచోట పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే అందుతుంది.

వెలుగు తగ్గితే ఏమవుతుందో ఊహించడం తేలికే. శైవలాలు తయారుచేసేది పగడం ఖర్చుకు చాలదు. పగడం ఒంట్లో ఉన్న నిల్వలను కరిగించుకుంటుంది, ఎదుగుదల ఆగుతుంది, రంగు ముదురు గోధుమలోకి దిగుతుంది. ఉన్న కొద్దిపాటి వెలుగునూ పట్టుకోవడానికి శైవలాలు తమ రంగు పదార్థాన్ని పెంచుకోవడమే ఆ ముదురు రంగుకు కారణం. ఇదంతా వారాలు, నెలలు తీసుకునే వ్యవహారం. గమనించి సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

వెలుగు ఎక్కువైనప్పుడు జరిగేది వేరు. ఒక స్థాయి దాటాక శైవలాలు అదనపు కాంతిని వాడుకోలేవు. వాడుకోలేని ఆ శక్తి కణంలో ఆక్సిజన్‌ను హానికరమైన రూపాల్లోకి మారుస్తుంది. అవి శైవలాన్నీ, దానికి చోటిచ్చిన పగడాన్నీ దెబ్బతీస్తాయి. పగడం తనను తాను కాపాడుకునేందుకు శైవలాలనే బయటికి నెట్టేస్తుంది. రంగంతా పోయి కింద తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. నీటి వేడి పెరిగిన కొద్దీ ఈ దెబ్బ ఇంకా తక్కువ వెలుగుకే తగులుతుంది, ఎందుకంటే వేడిలో శైవలం తన లోపలి యంత్రాంగాన్ని బాగుచేసుకోలేదు. సముద్రాల్లో జరుగుతున్నదీ ఇదే. ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత బ్లీచింగ్ నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. అదే వేసవిలో లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) పరిశోధకులు గుర్తించారు. ఇంట్లో రెండడుగుల ట్యాంకులో జరిగే నష్టానికీ దానికీ మూలం ఒక్కటే కాబట్టి లైట్ ఎంపికను, నీటి ఉష్ణోగ్రతను విడివిడిగా చూడకూడదు.

అన్ని పగడాలకూ వెలుగు అక్కర్లేదు కూడా. సన్ కోరల్ అని పిలిచే ట్యూబాస్ట్రియా రకం పేరులో సూర్యుడు ఉన్నా దాని ఒంట్లో శైవలాలు ఉండవు. అందమైన గులాబీ, ఎరుపు రంగుల డెండ్రోనెఫ్తియా కూడా అంతే. వీటికి ఎంత ఖరీదైన లైట్ పెట్టినా కడుపు నిండదు. తరచుగా తిండి పెట్టాల్సిందే.

## వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్లు ఎందుకు సరిపోవు

వాట్ అంటే లైట్ తీసుకునే కరెంటు. బయటికి వచ్చే వెలుగు అది కాదు. ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడుపోయే నల్ల పెట్టె లాంటి ఎల్‌ఈడీలు దీనికి మంచి ఉదాహరణ. మూడు వాట్ల బల్బులు 55 పెట్టి, గుణించి 165 వాట్లు అని పేరు పెడతారు. ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే అది తీసుకునేది 110, 120 వాట్ల దగ్గరే ఉంటుంది. దాన్ని మోసం అనక్కర్లేదు. బల్బులను పూర్తి సామర్థ్యంతో నడపకపోవడం వాటి ఆయుష్షుకు మంచిదే. కాకపోతే పేరులోని అంకెను పట్టుకుని రెండు లైట్లను పోల్చడం కుదరదు.

ల్యూమెన్ మనిషి కంటికి తగ్గట్టు తయారైన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగుకు బాగా స్పందిస్తుంది. పగడాల్లోని శైవలాలు ప్రధానంగా నీలాన్ని పట్టుకుంటాయి. వాటిలోని క్లోరోఫిల్ ఏ సుమారు 430 దగ్గర, క్లోరోఫిల్ సీ2 సుమారు 450, 460 దగ్గర, పెరిడినిన్ అనే మరో రంగు పదార్థం 480 దాటాక కూడా కాంతిని పీల్చుకుంటాయి. అందుకే 450 నానోమీటర్ల ముదురు నీలం ఎల్‌ఈడీ ల్యూమెన్లలో పేలవంగా కనిపించినా పగడానికి అది నిండు భోజనం. గదికి వేసుకునే తెల్ల బల్బుకు ల్యూమెన్లు దండిగా ఉన్నా అందులో పగడానికి పనికొచ్చే భాగం తక్కువ కావచ్చు.

సముద్రమే ఈ నీలం అలవాటును నేర్పింది. స్వచ్ఛమైన నీటిలో ఎరుపు రంగు మొదటి ఐదు, పది మీటర్లలోనే చాలావరకు ఇంకిపోతుంది, నీలం లోతుకు వెళుతుంది. నదుల బురద, నాచు కలిసిన తీరపు నీటిలో నీలం కూడా ముందే ఆగిపోతుంది. విశాఖ తీరంలో వర్షాకాలం నీరు ఆకుపచ్చగా, మసకగా ఉండేది అందుకే. అయితే దుకాణాల్లో దొరికే పగడాలు ఎక్కువగా స్వచ్ఛమైన దీవుల నీటి సంతతి. వాటికి నీలం ప్రధానంగా ఉన్న లైటే నప్పుతుంది.

కెల్విన్ లైట్ రంగు ఎలా కనిపిస్తుందో మాత్రమే చెబుతుంది. 6500 కెల్విన్ పగటి వెలుగులా, 14000 చల్లటి తెలుపులా, 20000 నీలంగా ఉంటుంది. ఎంత వెలుగు వస్తోందో ఆ అంకె చెప్పదు. నీలం, ఊదా లైట్ కింద పగడాలు మెరిసిపోవడం కూడా వాటి ఆరోగ్యానికి గుర్తు కాదు. ఒంట్లోని ఫ్లోరసెంట్ ప్రొటీన్లు నీలాన్ని తీసుకుని ఆకుపచ్చగా, నారింజగా తిరిగి వెదజల్లుతాయి. సగం శైవలాలు పోయిన యానిమోన్ కూడా నీలం లైట్ కింద కళకళలాడుతుంది. కొనేముందు దుకాణంలో నీలం ఆపించి, తెల్ల లైట్ కింద ఒకసారి చూపించమని అడగడం ఉచితంగా చేయగల మంచి పరీక్ష.

ఇవన్నీ పక్కన పెడితే పనికొచ్చే కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి కణాలు ఒక చదరపు మీటరుపై సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో చెప్పేది ఇది. మబ్బులేని ఉష్ణమండల మధ్యాహ్నపు ఎండలో ఈ అంకె దాదాపు 2000. ఇంటి ట్యాంకులో అందులో పదో వంతుతోనే చాలా జీవులు హాయిగా బతుకుతాయి.

## ఏ జీవికి ఎంత

మష్రూమ్ కోరల్స్, లెదర్ కోరల్స్, జోయాంథిడ్స్ లాంటి మెత్తని రకాలకు 50 నుంచి 150 మైక్రోమోల్స్ చాలు. మష్రూమ్ కోరల్స్ ఇంకా తక్కువలోనూ నెట్టుకొస్తాయి. పెద్ద నోళ్ల రాతి పగడాలకు అభిరుచిదారులు సాధారణంగా 75 నుంచి 150 మధ్య పెడతారు. కొమ్మల్లా పెరిగే అక్రోపోరా లాంటి చిన్న నోళ్ల రాతి పగడాలు 200 నుంచి 350, కొన్నిసార్లు అంతకు మించీ అడుగుతాయి. మార్కెట్‌లో ఖరీదైన లైట్లన్నీ ఈ చివరి గుంపును దృష్టిలో పెట్టుకుని తయారైనవే. మెత్తని పగడాల ట్యాంకుకు అలాంటి లైట్ కొంటే సగానికంటే తక్కువలో నడపాల్సి వస్తుంది. డబ్బు వృథా కావడం ఒక సంగతి. పొరపాటున ఎవరైనా పూర్తిగా పెంచితే రెండు మూడు రోజుల్లో ట్యాంకంతా తెల్లబడే ప్రమాదం ఇంకో సంగతి.

వెలుగు ఎన్ని గంటలు ఉంటుందన్నదీ లెక్కే. 100 మైక్రోమోల్స్ పది గంటలు ఇచ్చినా, 200 ఐదు గంటలు ఇచ్చినా రోజు మొత్తం ఒకటే, చదరపు మీటరుకు 3.6 మోల్స్. అలాగని 800 ఇచ్చి గంటంబావులో పని ముగించలేం. శైవలం పట్టుకోగల హద్దు దాటినదంతా వృథా కావడమే కాదు, హాని కూడా. తక్కువ తీవ్రతతో ఎనిమిది నుంచి పది గంటలు ఇవ్వడమే మేలు. అందులో ఉదయం, సాయంత్రం గంటసేపు నెమ్మదిగా పెరిగి తగ్గేలా పెట్టుకుంటే జీవులకు అదాటు ఉండదు. ఇంట్లో సాయంత్రం పూట ట్యాంకు చూడాలనుకునేవాళ్లు మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి రాత్రి తొమ్మిదికి ఆపవచ్చు. పగడానికి గడియారం అలవాటవుతుంది, రోజూ అదే వేళ ఉండాలి అంతే.

ట్యాంకులో అన్ని చోట్లా వెలుగు ఒకేలా ఉండదన్నది చాలామంది మర్చిపోయే విషయం. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 లోతు ఉండే ట్యాంకును తీసుకుంటే అందులో సుమారు 120 లీటర్లు పడతాయి. ఒకే లైట్ మధ్యలో వేలాడదీస్తే దాని నేరుగా కింద, నీటి పైభాగంలో 300 ఉండి, అదే సమయంలో మూల ఇసుక మీద 60, 70 మాత్రమే ఉండొచ్చు. రాయి నీడ పడ్డ చోట ఇంకా తక్కువ. కాబట్టి ఒక ట్యాంకులోనే మూడు నాలుగు రకాల వాతావరణాలు ఉంటాయి. లైట్ మార్చకుండానే పగడాన్ని పైకి కిందికి జరిపి సరైన చోటు వెతకవచ్చు.

## యానిమోన్ తన చోటు తానే ఎంచుకుంటుంది

పగడం పెట్టిన చోటే ఉంటుంది. యానిమోన్ అలా కాదు, అడుగున ఉండే పాదంతో పాకుతూ వెళుతుంది. ఇళ్లలో ఎక్కువగా పెంచే బబుల్ టిప్ యానిమోన్ కొత్త ట్యాంకులోకి వచ్చాక ఏం చేస్తుందో దగ్గరగా గమనిస్తే వెలుగు సంగతి సగం తెలిసిపోతుంది. మొదట ముడుచుకుని ఉంటుంది. తర్వాత పాదాన్ని ఒకవైపు సాగదీసి రాయి పగుళ్లను తడుముతుంది. పాదం పగుల్లో నీడన దాచుకుని, స్పర్శకాలను మాత్రం వెలుగులోకి పరుచుకునే చోటు దొరికిందంటే ఆగుతుంది. వెలుగు చాలకపోతే మెడ సాచినట్టు సన్నగా పైకి సాగి, రోజురోజుకూ రాయి పైకి ఎక్కుతుంది. ఎక్కువైతే రాయి కిందకు దూరి బయటికి రాదు.

ఈ నడకలోనే అసలు టెన్షన్. ట్యాంకు నీటిలో ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్ పంపు రెక్కల్లోకి వెళితే యానిమోన్ ముక్కలవుతుంది, ఆ విషంతో మిగతా జీవులూ పోవచ్చు. దారిలో ఉన్న పగడాలను కుడుతుంది కూడా. అందుకే యానిమోన్ ఉండాల్సిన ట్యాంకులో దాన్నే ముందు పెట్టి, చోటు కుదురుకున్నాక పగడాలు తేవడం, పంపులకు జాలీ కట్టడం మంచిది. కుదురుకున్న తర్వాత లైట్‌ను పదేపదే మారిస్తే అది మళ్లీ నడక మొదలుపెడుతుంది.

రకాన్ని బట్టి అవసరం మారుతుంది. బబుల్ టిప్‌కు 100 నుంచి 200 సరిపోతుంది. ఇసుకలో పాదం పాతుకునే హడ్డోనీ కార్పెట్ యానిమోన్‌కు ఇసుక మట్టం దగ్గరే దాదాపు అంత లేదా అంతకు మించి కావాలి, కాబట్టి లోతైన ట్యాంకులో ఇది కష్టం. మాగ్నిఫికా అనే పెద్ద రకం ఇంకా ఎక్కువ అడుగుతుంది, ట్యాంకు పైభాగానికి ఎక్కి కూర్చుంటుంది. మొదటిసారి పెంచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఒళ్లంతా పాలతెలుపులో ఉన్న యానిమోన్‌ను అరుదైన రంగు అని అమ్మితే అది శైవలాలు పోగొట్టుకుని ఆకలితో ఉన్న ప్రాణి అని గుర్తించాలి. నిమ్మపండు పసుపు, నీలం లాంటి అసహజమైన రంగులుంటే అద్దకం వేసిందేమోనని అనుమానించాలి. క్లౌన్ ఫిష్ యానిమోన్ లేకుండా కూడా ట్యాంకులో చక్కగా బతుకుతుంది. చేప కోసమని తొందరపడి తేనక్కర్లేదు.

## మెటల్ హాలైడ్, టీ5, ఎల్‌ఈడీ

మొదట్లో పగడాల ట్యాంకులను నిలబెట్టింది మెటల్ హాలైడ్ దీపాలు. 150, 250, 400 వాట్లలో వచ్చే ఈ దీపాల వెలుగు సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, నీటి అడుగున అలల నీడలు నాట్యం చేస్తాయి. లోపం వేడి. పరారుణ కిరణాల రూపంలో ఆ వేడి నేరుగా నీటిలోకి దిగుతుంది. తర్వాత వచ్చిన టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు వెలుగును ట్యాంకు నిండా సమానంగా పరుస్తాయి, నీడలు పడనివ్వవు. పగడాల పెంపకంలో ఇప్పటికీ వీటిని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, అందులో న్యాయం ఉంది. కానీ 9 నుంచి 12 నెలలకోసారి ట్యూబులు మార్చాలి.

ఆ ట్యూబులే ఇక దొరకని రోజు వస్తోంది. పాదరసంపై మినమాటా ఒప్పందంలో భాగంగా 2023లో జెనీవాలో కుదిరిన నిర్ణయం ప్రకారం పాదరసం ఉండే సాధారణ ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2027 నాటికి ఆగిపోవాలి. ఈ ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. అక్వేరియం ట్యూబులు ప్రత్యేకమైనవే అయినా, మామూలు ట్యూబుల కర్మాగారాలు మూతపడుతుంటే వీటి సరఫరా, ధర పాతలా ఉండవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టీ5 మీదే ఆధారపడేలా ట్యాంకు కట్టుకోవడం ఇప్పుడు తెలివైన పని కాదు.

కరెంటు లెక్క చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 250 వాట్ల హాలైడ్ నెలకు 60 యూనిట్లు తింటుంది, చోక్ ఖర్చు అదనం. రెండడుగుల టీ5 ట్యూబులు నాలుగు, ఒక్కొక్కటి 24 వాట్లు, కలిపి నెలకు 23 యూనిట్లు. 90 వాట్ల ఎల్‌ఈడీ పూర్తిగా నడిపితే దాదాపు 22. అంటే ఎల్‌ఈడీ వల్ల వచ్చే ఆదా హాలైడ్‌తో పోల్చినప్పుడే పెద్దది. టీ5తో పోలిస్తే ఎల్‌ఈడీకి ఉన్న అసలు బలం ట్యూబులు మార్చే పని లేకపోవడం, రంగులను విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలు, మెత్తని పగడాలకైతే సగం సామర్థ్యంతోనే నడపగలగడం.

ఎల్‌ఈడీకీ బలహీనతలున్నాయి. వెలుగు చిన్న చుక్క నుంచి వస్తుంది కాబట్టి కొమ్మల కింద నీడ గాఢంగా పడుతుంది. ఇరుకైన లెన్స్ ఉంటే కింద ఒక చోట మాత్రం మండిపోతూ పక్కన చీకటిగా ఉంటుంది. 45 సెంటీమీటర్ల లోతు ట్యాంకుకు 60 డిగ్రీల లెన్స్ అవసరం లేదు, 90 లేదా 120 డిగ్రీలే నయం. లైట్‌ను నీటికి 20, 30 సెంటీమీటర్ల ఎత్తున పెడితే రంగులు బాగా కలుస్తాయి, వెలుగు సమానంగా పరుచుకుంటుంది. ముదురు నీలం, నీలం, ఊదా, తెలుపు చానెళ్లు విడివిడిగా ఉంటే చాలు. ఎరుపు, ఆకుపచ్చ కంటికి రంగులు సహజంగా కనిపించడానికే, వాటిని కొద్దిగానే ఉంచాలి.

## విశాఖ గదిలో: వేడి, తేమ, ఉప్పు గాలి

పగడాల ట్యాంకును 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలని పెంపకందారులు చూస్తారు. 30 దాటిందంటే ప్రమాదం. మే నెలలో ఏసీ లేని విశాఖ గదిలో 33, 34 డిగ్రీలు మామూలే. పంపులు, లైట్ ఆ పైన వేడి చేరుస్తాయి. లైట్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. తేడా అది ఎక్కడికి వెళుతుందన్నదే. హాలైడ్‌ది నీటిలోకి, ఎల్‌ఈడీది ఎక్కువగా వెనకవైపు లోహపు రెక్కల ద్వారా గదిలోకి.

చాలామంది చవకగా ఉంటుందని నీటి మీదకు చిన్న ఫ్యాన్ పెడతారు. నీరు ఆవిరైతే వేడి తగ్గుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. కానీ ఎంత చల్లబరచగలదన్నది గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. 40 డిగ్రీల ఎండ ఉన్నా తేమ 20 శాతమే ఉన్న పొడి గాలిలో ఆవిరి ద్వారా నీరు సుమారు 22 డిగ్రీల దాకా చల్లబడే అవకాశం ఉంది. 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న విశాఖ గాలిలో ఆ హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. ఆచరణలో ఏ ఫ్యాన్ కూడా ఆ హద్దును పూర్తిగా అందుకోదు. హైదరాబాద్ మిత్రుడికి ఫ్యాన్‌తో గడిచిపోయిందన్న మాట ఇక్కడ ఎందుకు చెల్లదో ఈ రెండు అంకెలు చెబుతాయి. విశాఖలో నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ గానీ, పగలంతా ఏసీ నడిచే గది గానీ కావాలి. లేదంటే తక్కువ వేడి చేసే లైట్, తక్కువ వెలుగు అడిగే జీవులు అన్నదే దారి. వేసవి రెండు నెలలు లైట్ వెలిగే వేళను సాయంత్రానికి జరిపినా కొంత ఉపశమనం. బయట ఎండ, లోపల లైట్ ఒకే సమయంలో కలవకుండా ఉంటాయి.

ఉప్పు గాలి చేసే నష్టం నెమ్మదైనది. లాసన్స్ బే, పెద వాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ వైపు ఇళ్లలో కిటికీ ఊచలకూ ఏసీ బయటి యూనిట్లకూ తుప్పు ఎంత తొందరగా పడుతుందో అందరికీ తెలుసు. ట్యాంకు నీటి తుంపర్లు తోడైతే లైట్ పరిస్థితి అంతకంటే కష్టం. లోపల ఫ్యాన్ ఉన్న ఎల్‌ఈడీ ఈ తడి ఉప్పు గాలిని పీల్చి సర్క్యూట్ బోర్డు మీదుగా వదులుతుంది. ఎల్‌ఈడీ బల్బుకు 50,000 గంటల ఆయుష్షు అని రాస్తారు. రోజుకు పది గంటల లెక్కన అది 13 ఏళ్లు దాటాలి. కానీ తీరం దగ్గర ముందు పోయేది ఫ్యాన్, కరెంటును బల్బులకు తగ్గట్టు మార్చి ఇచ్చే డ్రైవర్, సోల్డర్ అతుకులు. ఫ్యాన్ లేకుండా లోహపు రెక్కలతోనే చల్లబడేది, నీరు చొరబడని ఐపీ67 రేటింగ్ ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. డ్రైవర్‌ను ట్యాంకు క్యాబినెట్‌లో కాకుండా దూరంగా, ఎత్తులో పెట్టుకోవాలి.

లెన్స్ సంగతీ ఇక్కడే చెప్పాలి. బుడగలు పగిలినప్పుడు ఎగిరే తుంపర లైట్ అడుగున ఎండి సన్నటి తెల్లటి పొరగా పేరుకుంటుంది. లైట్ వెలుగుతున్నప్పుడు అది కనిపించదు. ఆపి, మొబైల్ టార్చ్ పక్కనుంచి వేస్తే పొడి చల్లినట్టు మెరుస్తుంది. ఈ పొర నెలలపాటు పెరుగుతూ వెలుగును తగ్గిస్తుంటే పగడాలు దానికే అలవాటు పడతాయి. పండక్కి ఇల్లు శుభ్రం చేస్తూ ఒక్కరోజే తుడిచేస్తే కొత్త లైట్ పెట్టినంత దెబ్బ. వారానికోసారి ఆర్వో నీటితో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే ఈ బాధ ఉండదు.

కరెంటు పోతే అని భయపడి లైట్‌ను ఇన్వర్టర్‌కు కలిపేవాళ్లున్నారు. అది తలకిందుల ఏర్పాటు. పగడాలు రెండు మూడు రోజుల చీకటిని తట్టుకుంటాయి. కొన్ని రకాల నాచును వదిలించుకోవడానికి పెంపకందారులే కావాలని మూడు రోజులు చీకటి చేస్తారు. ఆక్సిజన్ లేకపోవడాన్ని మాత్రం అవి గంటల కంటే ఎక్కువ తట్టుకోలేవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటి సమయంలో బ్యాటరీలో ఉన్న ప్రతి యూనిట్ వేవ్‌మేకర్‌కూ ఎయిర్ పంపుకూ వెళ్లాలి. లైట్ చివరిది.

## కొత్త లైట్ కింద మొదటి నెల

కొత్త లైట్ వచ్చిన రోజు దాన్ని పూర్తి వెలుగుతో చూడాలనిపించడం సహజం. పగడాలకు అది ప్రాణాపాయం. 40 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం చొప్పున పెంచుతూ పోవాలి. కొత్తగా తెచ్చిన పగడాన్ని ఇసుక మీద, మూలన పెట్టి రెండు వారాలు చూశాకే పైకి జరపాలి. రంగు పాలిపోతున్నా, పగలు విచ్చుకోకుండా రాత్రి మాత్రమే విచ్చుకుంటున్నా పెంచడం ఆపి ఒక మెట్టు దిగాలి. టీ5 వాడేవాళ్లు ఏడాది పాత ట్యూబులన్నీ ఒకేసారి మార్చినా ఇదే జరుగుతుంది, వారానికొకటి మార్చడం క్షేమం. మేలోనే లైట్ మార్చక తప్పకపోతే, నీరు 27 దాటిన రోజుల్లో వెలుగు పెంచకూడదు. వేడి, వెలుగు రెండూ కలిసి పెరిగితే పగడానికి తప్పించుకునే దారి ఉండదు.

వెలుగు కొలవడానికి పార్ మీటర్ కంటే మంచి సాధనం లేదు. అపోజీ లాంటి కంపెనీల మీటర్ల ధర చిన్న ట్యాంకు మొత్తం ఖర్చును మించుతుంది కాబట్టి నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకోవడం ఆచరణలో ఉన్న పద్ధతి. పాత తరం మీటర్లు నీలాన్ని తక్కువగా చూపిస్తాయి, ఎల్‌ఈడీల కోసం చేసిన ఫుల్ స్పెక్ట్రమ్ మోడల్ తీసుకోవాలి. మొబైల్‌లోని లక్స్ యాప్‌లు నీలం లైట్ కింద చెప్పే అంకెలను నమ్మలేం. కంపెనీలు ఇచ్చే పార్ పటాలు పనికొస్తాయి, కాకపోతే అవి గాలిలో కొలిచినవో నీటిలో కొలిచినవో, ఎంత ఎత్తు నుంచి కొలిచారో చదవాలి. కిటికీ నుంచి పడే ఎండ ఏ పటంలోనూ ఉండదు. తూర్పు ముఖంగా సముద్రం వైపు తెరుచుకునే గదిలో ఉదయపు ఎండ నేరుగా ట్యాంకు మీద పడితే నీరూ వేడెక్కుతుంది, నాచూ పెరుగుతుంది.

## చట్టం కూడా లైట్‌ను నిర్ణయిస్తుంది

విశాఖలో ఆటు సమయంలో జోడుగుళ్లపాలెం, రుషికొండ, తెన్నేటి పార్కు కింద రాళ్ల మధ్య గుంటల్లో యానిమోన్లు, జోయాంథిడ్స్ కనిపిస్తాయి. వాటిని తెచ్చుకోవాలన్న ఆశ పుట్టడం సహజమే కానీ, అక్కడ వాటికి అందేది నిండు ఎండ. ఏటా మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు ఈ నగరానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వెలుగుకు అలవాటైన జీవి ఇంటి ట్యాంకులో వందా రెండొందల మైక్రోమోల్స్ కింద నెలల తరబడి కృశిస్తుంది. వాటిని అక్కడే వదిలేయాలి. అవి తగ్గితే ఆ గుంటలు మళ్లీ నిండటానికి చాలాకాలం పడుతుంది.

రాతి పగడాల విషయంలో చట్టం ఇంకా కఠినం. 2001 జులైలో కేంద్ర ప్రభుత్వం రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, సీ ఫ్యాన్లను, ఫైర్ కోరల్‌ను, ఆర్గన్ పైప్ కోరల్‌ను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉందన్నమాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత ఈ షెడ్యూలు జీవుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడుతుంది. దిగుమతి సరుకు అని ఎవరైనా రాతి పగడాన్ని చేతిలో పెడితే కాగితాలు చూడకుండా తీసుకోవడం చాలా పెద్ద రిస్క్.

అక్రోపోరా లాంటి రాతి పగడాలను పక్కన పెడితే 300 దాటిన పార్, వాటి కోసం తయారైన పెద్ద లైట్లు, ఆ లైట్ల వేడిని తోడే పెద్ద చిల్లర్ కూడా పక్కకు పోతాయి. మష్రూమ్, లెదర్, జోయాంథిడ్ రకాలు, ఇంట్లో పెంచి విడదీసిన బబుల్ టిప్ యానిమోన్ ఒకటి ఉన్న రెండడుగుల ట్యాంకుకు 60 వాట్ల చుట్టుపక్కల, చానెళ్లు విడిగా మార్చుకోగల మంచి ఎల్‌ఈడీ ఒక్కటి చాలు. యానిమోన్ రాయిని లైట్ కింద మధ్యలో, మష్రూమ్‌లను అంచుల నీడలో పెట్టుకోవాలి. పెద్ద లైట్ మీద మిగిలిన డబ్బును చిల్లర్ మీద, పంపుకు బ్యాటరీ బ్యాకప్ మీద పెడితే మే నెలా, తుపాన్ల నెలలూ ఆ జీవులు దాటుతాయి.